పదో తరగతి లెక్కలు: కష్టమైన చాప్టర్లను పరీక్షల ముందు ఇంట్లో ఎలా చదివించాలి

ప్రీ ఫైనల్ పేపర్లు ఇంటికి రాగానే తల్లిదండ్రులు అడిగేది ఒకటే: "ఇంకా ఆరు వారాలే ఉంది, ఏ చాప్టర్‌తో మొదలుపెట్టమంటారు?" చాప్టర్‌తో మొదలుపెట్టొద్దనే చెబుతాను. పిల్లలు కష్టమని చెప్పే చాప్టర్ ఒకటి, వాళ్లు నిజంగా ఆగిపోయే చోటు ఇంకొకటి. త్రికోణమితి రావట్లేదనే పిల్లల్లో చాలామందికి అసలు రానిది భిన్నాల కూడిక, వర్గ విస్తరణ. అవి కింది తరగతుల పాఠాలు. వాటిని వదిలేసి త్రికోణమితి ఎన్నిసార్లు చదివించినా మార్కులు కదలవు.

రెండు తెలుగు రాష్ట్రాల ఎస్ఎస్‌సీ పిల్లలకూ, సీబీఎస్ఈ పిల్లలకూ పనికొచ్చేలా ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీకు లెక్కలు గుర్తులేకపోయినా ఇందులో చాలావరకు చేయగలరు.

1. ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ఈ ఏడాది రాసిన లెక్కల ఆన్సర్ షీట్లు, దొరికినన్ని. ప్రీ ఫైనల్‌ది తప్పనిసరి.
- టెక్స్ట్ బుక్. గైడ్ కాదు.
- మీ బోర్డు ఈ ఏడాదికి ఇచ్చిన మోడల్ పేపర్.
- ఒక లాంగ్ నోట్‌బుక్, రఫ్ పనికి తెల్ల కాగితాలు, గ్రాఫ్ పేపర్లు.
- పెన్సిల్. దిద్దడానికి ఎర్ర పెన్ను వాడకండి, ఇంట్లో కూడా స్కూలు వాతావరణం వద్దు.
- గోడ గడియారం. ఫోన్‌లో టైం చూసుకుందామంటే ఆ ఫోనే చదువును తినేస్తుంది, అది పక్క గదిలో ఉండాలి.

సిలబస్ కూడా ఒకసారి సరిచూసుకోండి. తెలంగాణ పుస్తకంలో సమితులు, సంవర్గమానాలు ఉంటాయి, సీబీఎస్ఈలో ఉండవు. అన్నయ్య పుస్తకమో, పక్కింటివాళ్ల మెటీరియలో పట్టుకుని లేని పాఠాలు చదివే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

2. ఆన్సర్ షీట్ చదవడం

పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, మార్కులు పోయిన ప్రతి ప్రశ్న పక్కనా పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టండి.

- తె: అసలు తెలియలేదు, వదిలేశారు.
- ఆ: మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయారు.
- లె: పద్ధతి సరే, గుర్తో గుణకారమో తప్పింది.
- చ: ప్రశ్న సరిగ్గా చదవలేదు.
- టై: టైం చాలలేదు.

తర్వాత ఏ గుర్తు కింద ఎన్ని మార్కులు పోయాయో కూడండి. ప్రశ్నల సంఖ్య కాదు, మార్కులు కూడాలి. "మా వాడికి ఏమీ రాదు" అనుకున్న ఇళ్లలో "లె", "చ" కిందే బోలెడు మార్కులు కనిపించడం నేను చాలాసార్లు చూశాను. ఆ మార్కుల కోసం కొత్త పాఠం చదవక్కర్లేదు, రాసే పద్ధతి మారితే చాలు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 3ఎక్స్² − 5ఎక్స్ − 2 = 0 సాధించమన్నారు. పిల్ల ఇలా రాసింది:

- బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ = 25 − 24 = 1
- ఎక్స్ = (−5 ± 1) / 6

టీచరు సున్నా కాకపోయినా సగానికి తక్కువే వేస్తారు. ఇంట్లో "వర్గ సమీకరణాలు రావు" అని తేల్చేస్తారు. కానీ చూడండి, సూత్రం గుర్తుంది, వరస గుర్తుంది. తప్పిందల్లా రెండు గుర్తులే. సి విలువ −2 కాబట్టి −4 × 3 × (−2) అంటే +24, మొత్తం 49 రావాలి. బి విలువ −5 కాబట్టి మైనస్ బి అంటే +5. అప్పుడు ఎక్స్ = (5 ± 7) / 6, అంటే 2 లేదా −1/3. ఈ పిల్లకు కావలసింది చాప్టర్ మొత్తం కాదు. ప్రతిసారీ ముందు ఎ = 3, బి = −5, సి = −2 అని విడిగా ఒక లైనులో రాసి, రుణ సంఖ్యలను బ్రాకెట్‌లో పెట్టి ప్రతిక్షేపించే అలవాటు కావాలి. అది వారం రోజుల్లో వస్తుంది.

3. పునాది చూసుకోవడం

ఈ పది లెక్కలు ఒక కాగితం మీద రాసిచ్చి పావుగంట టైం ఇవ్వండి. పరీక్ష అని చెప్పకండి.

- −7 − (−4)
- (−3)² ఎంత? −3² ఎంత?
- 2/3 − 5/4
- 5/6 ÷ 10/9
- (2ఎక్స్ − 3)² విస్తరించండి
- ఎక్స్² − 9 కారణాంకాలు
- 3(ఎక్స్ − 2) = 5ఎక్స్ + 4 అయితే ఎక్స్ ఎంత?
- √48 సూక్ష్మరూపం
- 1/√3 ని హారంలో వర్గమూలం లేకుండా రాయండి
- 12 : 18 = 20 : ?

జవాబులు వరసగా: −3, 9, −9, −7/12, 3/4, 4ఎక్స్² − 12ఎక్స్ + 9, (ఎక్స్ + 3)(ఎక్స్ − 3), −5, 4√3, √3/3, 30.

ఒకటి తప్పితే ఫర్వాలేదు. రెండు మూడు తప్పితే మొదటి వారంలో రోజూ ఇరవై నిమిషాలు ఇలాంటివే చేయించండి. "పదో తరగతి పరీక్షలు పెట్టుకుని ఏడో తరగతి లెక్కలా" అని పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. ఇవి ఎవరికీ కనిపించవనీ, స్నేహితులకు చెప్పబోమనీ మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

4. ఏ వరసలో చదివించాలి

పిల్లల స్థాయిని బట్టి వరస మారుతుంది.

పాస్ మార్కుల చుట్టూ ఉన్నవాళ్లకు (ఎస్ఎస్‌సీలో 35) ముందు సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత, శ్రేఢులు, నిరూపక జ్యామితి. వీటిలో సూత్రాలు తక్కువ, లెక్కలు ఒకే బాటలో నడుస్తాయి. వారం పది రోజుల్లో చేతికి ఏదో వచ్చిందన్న ధైర్యం కలుగుతుంది. త్రికోణమితి సర్వసమీకరణాలు, కష్టమైన సిద్ధాంతాలు చివరికి పెట్టండి, అవసరమైతే కొన్ని వదిలేయండి.

60 దాటినవాళ్లకు బీజగణితం ముందు: బహుపదులు, రెండు చరరాశుల సమీకరణాలు, వర్గ సమీకరణాలు. తర్వాత సరూప త్రిభుజాలు, త్రికోణమితి ఒకదాని వెంట ఒకటి, ఎందుకంటే రెండింటికీ నిష్పత్తే ఆధారం. సాంఖ్యకశాస్త్రం మధ్యమధ్యలో.

ఏ వరసైనా ఆఖరి రెండు వారాలు కొత్త చాప్టర్ తెరవకూడదు.

5. ఎక్కువమంది ఆగిపోయే చాప్టర్లు

5.1 వర్గ సమీకరణాల మాటల లెక్కలు

సమీకరణం ఇస్తే చేస్తారు, కథ ఇస్తే ఆగిపోతారు. ఇలాంటిది తీసుకోండి: ఒక బస్సు 300 కిలోమీటర్లు వెళ్లాలి. వేగం గంటకు 10 కిలోమీటర్లు పెంచితే గంట ముందే చేరుతుంది. అసలు వేగమెంత?

వెంటనే సమీకరణం రాయనివ్వకండి. ముందు చిన్న పట్టిక గీయించాలి. రెండు వరసలు: మామూలుగా, పెంచాక. మూడు నిలువు గడులు: దూరం, వేగం, కాలం. దూరం రెండు చోట్లా 300. వేగం ఎక్స్, ఎక్స్ + 10. కాలం 300/ఎక్స్, 300/(ఎక్స్ + 10). ఇప్పుడు ఒకే ప్రశ్న అడగండి: "ఈ రెండు కాలాల్లో ఏది పెద్దది?" వేగం తక్కువైతే కాలం ఎక్కువ కాబట్టి మొదటిది పెద్దది. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 1. అక్కడితో కథ అయిపోయింది, మిగిలింది లెక్క: ఎక్స్² + 10ఎక్స్ − 3000 = 0, ఎక్స్ = 50 లేదా −60.

వేగం రుణాత్మకం కాదు కాబట్టి −60 ని వదిలేస్తున్నామని ఒక వాక్యం రాయించండి. చాలామంది దాన్ని ఊరికే కొట్టేస్తారు. తర్వాత సరిచూడటం: 300/50 = 6 గంటలు, 300/60 = 5 గంటలు, తేడా గంట. అర నిమిషం పని, జవాబు సరైనదో కాదో పరీక్ష హాల్లోనే తెలిసిపోతుంది.

5.2 త్రికోణమితి

విలువల పట్టిక బట్టీ పట్టి, పరీక్ష రోజు తలకిందులుగా రాసేవాళ్లకు రెండు బొమ్మలు నేర్పండి. భుజం 2 ఉన్న సమబాహు త్రిభుజాన్ని మధ్యకు కోస్తే 1, √3, 2 భుజాల లంబకోణ త్రిభుజం వస్తుంది, 30°, 60° విలువలన్నీ దాంట్లోనే ఉన్నాయి. 1, 1, √2 భుజాల త్రిభుజంలో 45° విలువలున్నాయి. పేపర్ చేతికి రాగానే రఫ్ కాలమ్‌లో ఈ రెండూ గీసేసుకోవాలి.

సైన్ 60° అంటే రెండు సైన్ 30° లు అనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. సైన్ 30° = 1/2, దానికి రెట్టింపు 1. సైన్ 60° మాత్రం √3/2. ఈ ఒక్క లెక్క పిల్లలచేత వేయిస్తే మళ్లీ ఆ తప్పు చేయరు.

సర్వసమీకరణాల నిరూపణలో గుర్తుంచుకోవలసినవి:

- రెండు వైపుల్లో చిక్కుగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టాలి.
- దారి తోచకపోతే అన్నిటినీ సైన్, కాస్‌లలోకి మార్చాలి.
- నిరూపించవలసిన దాన్నే నిజమనుకుని అటు పదాలు ఇటు తెచ్చి కొట్టేయకూడదు.
- మధ్యలో అనుమానం వస్తే ఆ లైనులో థీటాకు 30° పెట్టి చూడాలి. రెండు వైపులా ఒకే విలువ రాకపోతే ఆ లైనులోనో, దాని పైలైన్లలోనో తప్పుంది.

ఎత్తులు, దూరాల లెక్కల్లో సగం పని బొమ్మే. నిమ్నకోణాన్ని పైనున్న మనిషి దగ్గర, క్షితిజ సమాంతర రేఖ నుంచి కిందికి కొలవాలి. పిల్లలు దాన్ని స్తంభానికీ, చూపు రేఖకూ మధ్య పెట్టేస్తారు. రెండు చోట్ల నుంచి చూసే లెక్కల్లో ఇంకో తప్పు జరుగుతుంది. గోపురాన్ని ఒక చోట నుంచి చూస్తే ఊర్ధ్వకోణం 30°, 40 మీటర్లు దగ్గరికి వెళ్లి చూస్తే 60° అన్నారనుకోండి. 40 మీటర్లనేది గోపురం అడుగు దాకా ఉన్న దూరం కాదు, రెండు చోట్లకూ మధ్య దూరం. మిగిలిన దూరం ఎక్స్ అనుకుంటే ఎక్స్ = 20, ఎత్తు 20√3 మీటర్లు. బొమ్మ పెద్దదిగా, కనీసం పావు పేజీ ఉండేలా గీయించండి. ఇరుకు బొమ్మలోనే ఈ తప్పులన్నీ పుడతాయి.

5.3 సరూప త్రిభుజాలు, సిద్ధాంతాలు

థేల్స్ సిద్ధాంతాన్ని (త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన రేఖ మిగతా రెండు భుజాలనూ ఒకే నిష్పత్తిలో విభజిస్తుందన్నది) పద్యంలా అప్పజెప్పే పిల్లలున్నారు. బొమ్మలో అక్షరాలు మారిస్తే ఒక్క లైను కూడా రాయలేరు. అందుకే ఇంట్లో అడిగేటప్పుడు పుస్తకంలోని అక్షరాలు కాకుండా వేరే అక్షరాలు పెట్టి బొమ్మ ఇవ్వండి. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అనే నాలుగు శీర్షికలు ముందు రాసుకోమనండి.

ప్రతి లైను దగ్గరా "ఎందుకు?" అని అడగండి. థేల్స్ సిద్ధాంతానికి ప్రాణమంతా ఒక లైనులో ఉంది: ఒకే భూమి మీద, ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్న రెండు త్రిభుజాల వైశాల్యాలు సమానం. ఆ కారణం నోటితో చెప్పగలిగితే మిగతా ఉపపత్తి తనే నడుస్తుంది.

సరూపత రాసేటప్పుడు శీర్షాల వరస తప్పితే నిష్పత్తులన్నీ తప్పుతాయి. సమాన కోణాలకు బొమ్మలో ఒకే గుర్తు పెట్టి, ఆ గుర్తుల వరసలోనే త్రిభుజం పేరు రాయాలి.

5.4 సాంఖ్యకశాస్త్రం

ఇది కష్టం కాదు, కంగారు. మధ్యగతం (మీడియన్) సూత్రంలో వాడవలసింది మధ్యగత తరగతికి ముందున్న తరగతి సంచిత పౌనఃపున్యం (అక్కడిదాకా కూడుతూ వచ్చిన మొత్తం), ఆ తరగతిది కాదు. తరగతులు 1–10, 11–20 అని ఇస్తే హద్దులను 0.5–10.5, 10.5–20.5 గా మార్చుకోవాలి.

సరిచూడటానికి తేలికైన దారి ఉంది. మధ్యగతం విలువ మధ్యగత తరగతిలోనే పడాలి, బహుళకం (మోడ్) బహుళక తరగతిలోనే పడాలి. బయట పడిందంటే సందేహం అక్కర్లేదు, తప్పే.

5.5 శ్రేఢులు, క్షేత్రమితి

అంకశ్రేఢిలో నాలుగో పదం 18, తొమ్మిదో పదం 43 అంటే మధ్యలో ఐదు అంగలు, తేడా 25, కాబట్టి పదాంతరం 5, మొదటి పదం 3. సమీకరణాలు రాశాక జవాబును ఇలా నోటితో సరిచూసుకోవాలి.

క్షేత్రమితిలో వ్యాసం ఇచ్చారా వ్యాసార్ధమా అన్నది ప్రశ్నలోనే గుండ్రంగా చుట్టించండి. రెండు ఘనాకారాలు అతికిస్తే కలిసిన ముఖం బయటికి కనిపించదు, ఉపరితల వైశాల్యంలో దాన్ని కలపకూడదు. 22/7 ని మొదటి లైనులోనే గుణించకుండా ఆఖరిదాకా ఉంచితే కొట్టివేతలు తేలిక.

6. రోజూ కూర్చునే పద్ధతి

ఒక్కో సిట్టింగ్ నలభై నిమిషాలు, మధ్యలో పది నిమిషాలు విరామం. రోజుకు రెండు చాలు, మిగతా సబ్జెక్టులు కూడా ఉన్నాయి.

- మొదటి ఐదు నిమిషాలు: నిన్న తప్పిన లెక్క ఒకటి, పుస్తకం చూడకుండా.
- తర్వాత సాధించిన ఉదాహరణ ఒకటి చదివి, పుస్తకం మూసి, మొత్తం మళ్లీ రాయాలి. ఆగిపోతే ఒక్క లైను చూసి మళ్లీ మూసేయాలి.
- తర్వాత అభ్యాసం నుంచి మూడు నాలుగు లెక్కలు.
- చివర వేరే చాప్టర్ నుంచి ఒక లెక్క. పరీక్షలో ఏ సూత్రం వాడాలో ఎవరూ చెప్పరు కదా, ఆ ఎంపిక కూడా సాధన చేయాలి.

వీడియో చూస్తూ తలూపితే వచ్చినట్టు అనిపిస్తుంది. చూసిన వీడియో లెక్కను కాగితం మీద ఒంటరిగా రాస్తేనే లెక్కలోకి తీసుకోండి.

మీకు లెక్కలు రాకపోతే మీరే విద్యార్థి అవ్వండి. "ఈ లైను నుంచి ఆ లైను ఎలా వచ్చింది నాన్నా, నాకు చెప్పు" అని అడగండి. చెబుతూ చెబుతూ తడబడిన చోటే లోపం ఉంది. ఆ లైను గుర్తు పెట్టి మర్నాడు స్కూల్లో సారునో మేడమ్‌నో అదే అడగమనండి. "ఈ చాప్టర్ అర్థం కాలేదు" అంటే టీచరుకు ఏం చెప్పాలో తోచదు, "ఈ లైను ఎలా వచ్చింది" అంటే రెండు నిమిషాల్లో చెప్పేస్తారు.

తప్పుల కోసం నోట్‌బుక్‌లో చివరి పేజీలు కేటాయించండి. ఎడమ పక్క తప్పు లైను, కుడి పక్క సరైన లైను. లెక్క మొత్తం ఎత్తి రాయక్కర్లేదు.

7. మాట తీరు

"అక్కకు 95 వచ్చాయి" అన్న మాటతో ఆ సాయంత్రం చదువు ముగిసినట్టే. "ఇంత తేలికైనది కూడా రాదా" అనేది అంతకన్నా చేటు, ఎందుకంటే ఆ పైన రానివి దాచడం మొదలుపెడతారు. పరీక్షల ముందు మనకు కావలసింది దాచకపోవడమే.

పిల్లలు లెక్క మధ్యలో ఆగితే వెంటనే అందించకండి. రెండు నిమిషాలు ఓపిక పట్టి, "ఏమిచ్చారు, ఏం కావాలన్నారు?" అని మాత్రం అడగండి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయంటే ఆ రోజుకు పుస్తకం మూసేయండి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, "నేనెందుకూ పనికిరాను" లాంటి మాటలు రోజుల తరబడి సాగితే లెక్కలు పక్కన పెట్టి డాక్టరుతోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడించండి. భారత ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

8. టైం పెట్టి పేపర్లు రాయించడం

నాలుగో వారం నుంచి వారానికి రెండు పూర్తి పేపర్లు, వీలైతే పరీక్ష జరిగే వేళలోనే. సీబీఎస్ఈ పేపర్ 80 మార్కులకు, 38 ప్రశ్నలు, మూడు గంటలు. ఎస్ఎస్‌సీ వాళ్లు తమ మోడల్ పేపర్ చూసి సెక్షన్లవారీగా నిమిషాలు పంచుకోవాలి.

పంచుకునేటప్పుడు చివరి పదిహేను నిమిషాలు సరిచూడటానికి పక్కన పెట్టి, మిగిలిన టైంనే మార్కులకు భాగించండి. ఏ ప్రశ్న దగ్గరైనా దాని వాటా టైం దాటితే సగం పేజీ వదిలి ముందుకు వెళ్లాలి. ఇది చెబితే రాదు, ఇంట్లో రెండు మూడు పేపర్లలో చేయిస్తేనే వస్తుంది.

పేపర్ దిద్దాక మళ్లీ అవే ఐదు గుర్తులు పెట్టండి. "తె" మార్కులు తగ్గి "లె" మార్కులు పెరిగాయంటే భయపడకండి, వదిలేసే ప్రశ్నలను ఇప్పుడు ముట్టుకుంటున్నారని అర్థం.

9. చివరి మూడు రోజులు

- కొత్త లెక్క ఒక్కటి కూడా వద్దు.
- తప్పుల పేజీలు రోజుకోసారి.
- సూత్రాలన్నీ చూడకుండా ఒక కాగితం మీద రాసి, పుస్తకంతో పోల్చుకోవడం.
- గ్రాఫ్ ఒకటి: స్కేలు రాయడం, అక్షాలకు పేర్లు పెట్టడం మర్చిపోకుండా.
- హాల్ టికెట్, రెండు పెన్నులు, చెక్కిన పెన్సిళ్లు, స్కేలు, వృత్తలేఖిని, కోణమానిని ముందురోజు సాయంత్రమే సర్దుకోవాలి.
- రాత్రి పదింటికల్లా పడుకోవాలి.

హాల్లో పేపర్ అందగానే మొత్తం ఒకసారి చదివి, బాగా వచ్చిన పెద్ద ప్రశ్నతో మొదలుపెట్టాలి. రాని ప్రశ్నకు కూడా ఇచ్చినవి, బొమ్మ, సూత్రం రాసి రావాలి, సోపానాలకు మార్కులుంటాయి.

పరీక్ష అయి ఇంటికొచ్చాక ప్రశ్నపత్రం పట్టుకుని జవాబులు సరిచూడకండి. అన్నం పెట్టండి, ఓ గంట పడుకోనివ్వండి. తర్వాతి పేపర్ ఏదో, దానికి ఎన్ని రోజుల టైం ఉందో చూసి, ఆ పుస్తకం బల్ల మీద పెట్టండి.